ఆలస్యంగా ఊడిన బొడ్డు

పెనుకొండ,
ఆగస్టు, ఆదివారం

అక్కకు,

నువ్వు ఫోను చేసినప్పుడల్లా అమ్మే ఎత్తుతోందని విసుక్కోవద్దు. బాలింత ఫోను చూస్తే చూపు మందగిస్తుందట. నా ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచింది. మా గీతాంజలి మరునాడే దాన్ని కనిపెట్టి, మిద్దెమెట్ల మీద కూర్చుని బొమ్మలు చూసుకుంటోంది. ఏడేళ్ల పిల్ల చూపుకు ఏ భయమూ లేదు కాబోలు. అందుకే ఈ ఉత్తరం. నాయన విత్తనాల అంగడికి పోతూ పోస్టులో వేస్తానన్నాడు.

పిల్లవాడు బాగున్నాడు. ముక్కు మామది, కోపం నాది. మేనమామను చేసుకుని తొమ్మిదేళ్లయినా మొగుణ్ణి ఇంకా మామ అనే పిలుస్తోందని నువ్వు హిందూపురంలో కూర్చుని నవ్వుకుంటావేమో, నవ్వుకో. అమ్మ తమ్ముణ్ణి పుట్టినప్పటినుంచి అట్లా పిలిచిన నోరు ఇప్పుడు మారదు. అవ్వ సంగతీ అంతే. అమ్మకు అమ్మ, నాకు అత్త. నిన్న ధర్మవరం నుంచి వచ్చి చూసిపోయింది. వీడు మనవడో మునిమనవడో ఆమెకే తేల్లేదు, రెండు వరసలకూ కలిపి ముద్దు పెట్టుకుంది.

బొడ్డు ఇంకా ఊడలేదు. నెల నిండవస్తోంది, ఎండిన కాడలాగా అంటిపెట్టుకునే ఉంది. అమ్మ కొంచెం భయపడింది గానీ అవ్వ చూసి సంబరపడింది. “గట్టి బొడ్డే ఇది. వీడు గట్టిగా పాతుకుంటాడు” అంది. మన ఇంటి పద్ధతి నీకు తెలుసు కదా. ఊడిన బొడ్డును ఎండబెట్టి, వెండి తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టాలి. అది కట్టాకే ఉయ్యాల, ఉయ్యాల వేశాకే పేరు. నా కిరణ్ తాయెత్తు ఎక్కడో జారిపోయినందుకే వాడు మనకు దక్కలేదని అవ్వకు ఇప్పటికీ దిగులు. వాడు పోయి రెండేళ్లు. అయిదు నెలల పిల్లవాడు, జ్వరమొచ్చి పోయాడు. తాయెత్తు పోతే జ్వరం వస్తుందా అని నేను అడగను, నువ్వూ అడగొద్దు. ఈసారి కంసాలికి చెప్పి, మూత మరలాగా తిప్పి బిగించే తాయెత్తు చేయిస్తోంది. అది సిద్ధమై కూర్చుంది. బొడ్డే రావడం లేదు.

నీ చెల్లెలు
కస్తూరి


హిందూపురం,
ఆగస్టు 

కస్తూరికి,

ఉత్తరం అందింది. మా కాలేజీలో క్లర్కు దీన్ని నా చేతికిస్తూ, ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా మేడం అని ఆశ్చర్యపోయాడు. బియ్యం డబ్బా సంగతి అతనికి చెప్పలేదు.

కొన్ని అడుగుతాను, విసుక్కోకుండా రాయి. బొడ్డు మొదలు దగ్గర ఎర్రగా ఉందా? తడి ఉందా? చీము కనబడుతోందా? ఒంటి మీద ఎక్కడైనా గీసుకుంటే మానుతోందా? గీతాంజలికి బొడ్డు ఎప్పుడు ఊడింది, కిరణ్‌కు ఎప్పుడు ఊడింది? అవ్వనే అడుగుదును గానీ, మామను చేసుకోనని చెప్పి బెంగళూరుకు చదువుకు పోయిన రోజునుంచి ఆమె నాతో మాట్లాడదు కదా. పోయిన ఉగాదికి కూడా నేను గడపలో కూర్చుని ఉంటే పెరటి దారిన లోపలికి పోయింది.

పెనుకొండలోనే పిల్లల డాక్టరుకు చూపించి రక్తం పరీక్ష చేయించు. తెల్ల కణాలు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసిస్తారు, ఆ అంకె నాకు పంపు. ఊరికే అడుగుతున్నాను, కంగారు పడొద్దు. బొడ్డు మీద పసుపు, బూడిద, వేపాకు నూరి పెట్టడం లాంటివి చేయనీయకు. అవ్వ పెడితే ఎదురు చెప్పకుండా పెట్టించుకో, ఆమె అటు పోగానే తుడిచెయ్యి.

అక్క సుచిత్ర


పెనుకొండ,
సెప్టెంబరు

అక్కకు,

‘ఊరికే అడుగుతున్నాను, కంగారు పడొద్దు’ అని రాస్తే లేని కంగారు పుడుతుంది. ఎందుకు అడుగుతున్నావో చెప్పకుండా పరీక్ష పేపరులాగా ప్రశ్నలు పంపావు. నాకు వచ్చిన జవాబులు రాస్తున్నాను.

బొడ్డు ఆరో వారంలో ఊడింది. అవ్వ తాయెత్తుతో సహా పరుగున వచ్చి కట్టింది, ఇక్కడే ఉండి రోజుకోసారి మూత బిగించి చూస్తోంది. బొడ్డు ఊడిన చోట ఎర్రగానే ఉంది, తడి ఆరలేదు. చీము మాత్రం చుక్క లేదు. “సూడు ఎంత శుభ్రంగా ఉండాదో” అని అవ్వ అందరికీ చూపిస్తోంది. రక్తం కోసం మడమ మీద సూది గుచ్చిన చోట చిన్న పుండయింది. అదీ మానలేదు, అందులోనూ చీము లేదు. కాళ్ల మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు వచ్చాయి. దోమలని అమ్మ తెర కట్టింది. తెల్ల కణాలు యాభై వేలు దాటాయట. డాక్టరు నమ్మలేక మళ్లీ చేయించాడు, మళ్లీ అంతే వచ్చింది. ఎక్కడో ఇన్ఫెక్షను ఉందని సీసా మందు ఇచ్చాడు.

గీతాంజలికి బొడ్డు వారం రోజులకే ఊడింది. వచ్చే వారం ధర్మవరం పోతున్నాను. అక్కడ ఫోను నా చేతికి వస్తుంది గానీ అవ్వకు చెవుడు, ఎవరు చేసినా స్పీకరులో పెట్టి ఇల్లంతా వినాలి. ఉత్తరమే నయం. ఆమెకు చదువు రాదు.

కస్తూరి


హిందూపురం,
సెప్టెంబరు చివర

కస్తూరికి,

ఎందుకు అడిగానో చెబుతాను. చివరిదాకా చదువు, ఎవరికీ మధ్యలో చదివి వినిపించకు.

నెత్తురులో తెల్ల కణాలుంటాయి. గాయమైన చోటికి పోయి క్రిములను తినడం వాటి పని. అవి నెత్తురుతోపాటు వేగంగా పోతుంటాయి. గాయం దగ్గరికి రాగానే నెమ్మదించి, రక్తనాళం గోడను పట్టుకుని ఆగి, గోడ సందులోంచి బయటికి రావాలి. పట్టుకోవడానికి వాటి ఒంటినిండా చేతుల్లాంటి ప్రోటీన్లుంటాయి. ఇంటెగ్రిన్లు అంటారు. బెంగళూరులో నేను అయిదేళ్లు చదివింది వాటి గురించే.

ఆ చేతులు పట్టుకోకపోతే ఏమవుతుందో చెబుతాను. హైదరాబాదు బస్సులు పెనుకొండ ఊళ్లోకి రాకుండా హైవే మీదనే పోతాయి చూడు, నాయన చెయ్యెత్తి నిలబడినా ఆగకుండా, ఇదీ అంతే. హైవే నిండా బస్సులే, ఊళ్లోవాళ్లకు మాత్రం ఒక్కటీ దొరకదు. అందుకే పరీక్ష కాగితం మీద తెల్ల కణాలు యాభై వేలు, పుండులో ఒక్కటీ లేదు. చీము అంటే పుండులో పోరాడి చచ్చిన తెల్ల కణాలే. అవ్వ శుభ్రం అనుకుంటోంది గానీ, చీము లేదంటే అక్కడికి ఎవరూ రాలేదని. బొడ్డు ఊడాలన్నా ఆ కణాలే వచ్చి దాని మొదలు కొరకాలి.

ఇది చాలా అరుదైన జబ్బు. కాకపోవచ్చు కూడా. కానీ మొదటి ఉత్తరం చదివిన పూటే నాకు అనుమానం వచ్చింది. పచ్చి బాలింతకు ఎట్లా రాయాలో తెలియక ఊరుకున్నాను. మామను వెంటబెట్టుకుని బెంగళూరు పో. పిల్లల ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ పేరు వేరే కాగితం మీద రాశాను. ఆ ప్రోటీన్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే పరీక్ష ఉంది, అది చేయించు.

ఒక ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదు. కిరణ్ బొడ్డు ఎప్పుడు ఊడింది?

సుచిత్ర


ధర్మవరం,
అక్టోబరు

అక్కకు,

బెంగళూరు పోయివచ్చాం. కాగితం నకలు పంపుతున్నాను, చూసుకో. నువ్వు చెప్పిన చేతులు మావాడికి నిండుగా ఉన్నాయట. లోపమేమీ లేదని రాసి సంతకం పెట్టారు.

ఉయ్యాల వేశాం. రోహిత్ అని పేరు పెట్టాం. అమ్మ, నాయన వచ్చారు. నిన్ను అవ్వ పిలవనీయలేదని రాయొచ్చు గానీ, నిజానికి నాకే పిలవబుద్ధి కాలేదు. నీ ఉత్తరం వచ్చిన నాటినుంచి వాడికి పాలిచ్చినప్పుడల్లా ఏడ్చాను. బస్సులు, హైవేలు అని కథలాగా రాశావు. నీకు అది పాఠం. నాకు బిడ్డ.

ఇంకొకటి కూడా రాసేస్తాను. దగ్గరి సంబంధాల్లో ఇట్లాంటి జబ్బులు వస్తాయని ఆ డాక్టరమ్మ మా ముందే అంది. మామ తలవంచుకున్నాడు. ఇదంతా నీకు ముందే తెలుసు. తెలిసే తప్పించుకున్నావు. నువ్వు లేచిపోయిన పీట మీద నన్ను కూర్చోబెట్టారు. నీ బదులు నేను పడుతున్నాను, దానికి తోడు నీతో పాఠాలు కూడా చెప్పించుకోవాలా?

తెల్ల కణాలు ఇంకా ఎక్కువే ఉన్నాయి. తగ్గుతాయిలే.

కస్తూరి


హిందూపురం,
నవంబరు

కస్తూరికి,

పేరు బాగుంది.

ముందు పీట సంగతి. మామను వద్దన్నప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఏ జబ్బుకూ భయపడి వద్దనలేదు. బెంగళూరులో సీటు వచ్చింది, పోవాలనిపించింది, చిన్నప్పుడు నన్ను భుజాలమీద మోసిన మనిషిని మొగుడిగా అనుకోలేకపోయాను. అంతే. నీ సంగతి వేరు. మామ వస్తున్నాడని తెలిస్తే పొద్దున్నే రెండు జడలు వేసుకుని వాకిట్లో నిలబడేదానివి. నీకు ఆ పీట ఎవరూ అంటగట్టలేదు, నువ్వే ఎప్పటినుంచో దానిమీద కన్నేసి ఉన్నావు. కోపంలో నన్ను ఏమైనా అను. ఈ మాట మాత్రం మామ చెవిన పడనీయకు.

ఇప్పుడు కాగితం సంగతి. నాకు ఆ అంకె చూసి సంతోషం కలగలేదు. ఆ పరీక్ష చేతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది, అవి లేస్తాయో లేదో చూడదు. చెయ్యి అన్నాను గానీ, ఈ ప్రోటీను మామూలు వేళల్లో మోకాళ్లు మడుచుకున్న మనిషిలాగా తల వంచుకుని, కణానికి ఆనుకుని ఉంటుంది. అట్లా ఉండడమే మంచిది. ఎప్పుడూ లేచి ఉంటే నెత్తురులో కణాలన్నీ ఒకదానికొకటి అంటుకుని నెత్తురు గడ్డకడుతుంది. గాయం కబురు అందినప్పుడు, కణం లోపలినుంచి రెండు రకాల చిన్న ప్రోటీన్లు వచ్చి దాని తోకను పట్టుకుంటాయి. అప్పుడు దగ్గరగా ఉన్న రెండు కాళ్లు విడిపోతాయి. మడత విచ్చుకుంటుంది. తల పైకి లేస్తుంది, పిడికిలి తెరుచుకుంటుంది. లోపల సాయం పట్టేవాటిలో ఒకటి లేకపోయినా, చేతులన్నీ లెక్కకు ఉంటాయి, ఒక్కటీ లేవదు.

మామకు తన మగ్గం మీద అంచు పువ్వులు తీసే జకార్డు చూపించి చెప్పు. కొక్కీలన్నీ ఉన్నాయి, పట్టుపోగులు కట్టి ఉన్నాయి. చిల్లుల అట్ట చెప్పినప్పుడు కొక్కీ లేవకపోతే అంచులో పువ్వు పడుతుందా? కొక్కీలు లెక్కపెట్టి మగ్గం బాగుందని ఎవరైనా అంటే మామ ఒప్పుకుంటాడా?

కాళ్ల మీదివి దోమకాట్లు కావు. నెత్తురు కారకుండా ఆపే కణాలకు కూడా ఇట్లాంటి చేతులే ఉంటాయి, అవీ లేవక చర్మం కింద నెత్తురు చిమ్ముతోంది. రెండూ కలిసి కనబడుతున్నాయి కాబట్టి లోపం లోపలి ప్రోటీనులో ఉందని నా అనుమానం. దీనికి వేరే పరీక్ష ఉంది. మడిచిన రూపానికి అంటుకోకుండా, లేచి నిలబడిన రూపానికే అంటుకునే రంగు ఒకటుంది. నేను చదివిన చోటే వాడతారు. అక్కడి మా మేడంతో మాట్లాడాను, మీ ముగ్గురి రక్తం పంపమన్నారు.

బతిమాలుతున్నాను, పో. కిరణ్ సంగతి కూడా రాయి.

అక్క


ధర్మవరం,
నవంబరు

అక్కకు,

కిరణ్‌కు బొడ్డు అయిదో వారం దాటాక ఊడింది. వాడి కాళ్లమీద కూడా ఎర్ర చుక్కలుండేవి. చెవి వెనక చిన్న పుండు లేచి, చివరిదాకా మానలేదు. దానికీ చీము పట్టలేదు. నీకు చెబితే ఇద్దరిదీ ఒకటే జబ్బు అంటావని భయమేసింది. చెప్పకపోతే కాకుండా పోతుందనుకున్నాను.

మామకు జకార్డు చూపించి నువ్వు రాసినట్లే చెప్పాను. పైకి కొక్కీల వైపు చూశాడు. తర్వాత, “కిరణ్‌గానికి అప్పుడు ఈ మాట చెప్పేటోళ్లు లేకపాయ. పదవే, పోదాం” అని చీర సగంలో వదిలేసి మగ్గం దిగాడు. అవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది. తాయెత్తు భద్రంగా ఉంది, పేరు పెట్టుకున్నాం, మళ్లీ ఆసుపత్రి ఏంటికని అడిగింది. మామ పిల్లవాణ్ణి ఎత్తుకుని పక్కనుంచి బయటికి వచ్చాడు. అవ్వ మాటకు మామ ఎదురునడవడం నేను ఇప్పుడే చూడడం.

ఈ రోజు పిల్లవాడికి ముక్కులోంచి నెత్తురు వచ్చింది, ఎంతకూ ఆగలేదు. స్టేషనులో కూర్చుని రాస్తున్నాను. రైలుకు టైమయింది, పోతున్నాం.

కస్తూరి


ధర్మవరం,
డిసెంబరు

అక్కకు,

మీ మేడం నీకు చెప్పే ఉంటారు. అయినా రాస్తాను, రాస్తే తప్ప నాకు నమ్మకం కుదరడం లేదు.

గాయం కబురులాంటి మందు కలిపి చూశారు. మామ నెత్తురులో రంగు అంటుకుంది. నా నెత్తురులో అంటుకుంది. రోహిత్‌ది అట్లాగే ఉండిపోయింది. కిండ్లిన్ అనే లోపలి ప్రోటీను వాడిలో తయారే కాదట. దాన్ని తయారుచేసే జన్యువు మామలో ఒకటి చెడింది, నాలో ఒకటి చెడింది. మాకు రెండోది మంచిది కాబట్టి బతికిపోయాం, వాడికి చెడినవే రెండూ వచ్చాయి. ఎక్కడినుంచి వచ్చాయంటే, అవ్వ నుంచో తాత నుంచో మామకూ అమ్మకూ వచ్చి, అమ్మ నుంచి నాకు వచ్చింది.

మందు లేదు. ఎముకల్లో మూలుగ మార్చాలి, అదీ త్వరగా చేయాలి. లేకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు. కిరణ్ సంగతి ఆమెకు చెప్పాం. మూలుగ ఇవ్వడానికి కలుస్తుందేమోనని గీతాంజలి నెత్తురు చూశారు, సగమే కలిసింది. నేను సరిగ్గా కూర్చోలేదని కలవలేదా అమ్మా అని ఆ పిల్ల అడుగుతోంది. మాదీ సగమే. బయటివాళ్లలో మూలుగ ఇస్తామని పేర్లు ఇచ్చినవాళ్లుంటారట, అందులో ఇంతవరకు ఎవరూ దొరకలేదు. సగం కలిసినవాళ్లతో చేయడం కూడా ఉంది గానీ, వీడి ఒంటికి అది తట్టుకోవడం కష్టమంటున్నారు.

అమ్మ వచ్చి అవ్వతో పెద్ద గొడవ పెట్టుకుంది. నా బిడ్డను నీ కొడుక్కి అడిగింది నువ్వే అని అమ్మ, ఇచ్చింది నువ్వే కదా అని అవ్వ. తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. అవ్వ అన్నం సరిగ్గా తినడం లేదు. నాకు ఎవరిమీదా కోపం లేదు. పిల్లవాడు కావాలి, అంతే.

పీట గురించి రాసిన ఉత్తరం చించెయ్యి. రెండు జడల సంగతి నిజమే.

కస్తూరి


హిందూపురం,
జనవరి

కస్తూరికి,

తోబుట్టువులనూ తల్లిదండ్రులనూ మాత్రమే చూడడం ఆసుపత్రుల పద్ధతి. మామూలు ఇళ్లలో పెద్దమ్మలు పూర్తిగా కలవడం అరుదు కాబట్టి అడగరు. మనది మామూలు ఇల్లు కాదు కదా. మామకున్నవి కొన్ని అమ్మకూ ఉంటాయి, అమ్మ నుంచి నాకూ వచ్చి ఉండొచ్చు. నాయన వైపు సగం నీదీ నాదీ ఒకటే కావొచ్చు. లెక్క వేసి చూశాను, అవకాశం తక్కువే గానీ లేకపోలేదు. నీకు చెప్పకుండా బెంగళూరు పోయి నెత్తురు ఇచ్చివచ్చాను. కలవకపోతే నిన్ను మళ్లీ ఏడిపించడం ఎందుకని చెప్పలేదు.

కలిసింది. పూర్తిగా కలిసింది. చెడిన జన్యువు నాలోనూ ఒకటుంది, రెండోది మంచిది, అది చాలు. తుంటి ఎముకలోంచి తీస్తారు, మత్తు ఇస్తారు, నాకు ప్రమాదం పెద్దగా ఏమీ లేదు. ఫిబ్రవరిలో తేదీ ఇచ్చారు. జబ్బు వచ్చిన దారినే మందు కూడా వచ్చింది. ఈ మాట అవ్వకు చెప్పొద్దు, మేనరికం మంచిదేనని గీతాంజలికి ఇప్పటినుంచే ఎవరినో ఒకరిని చూసిపెడుతుంది.

ఉత్తరం మూయబోతుంటే అవ్వ వచ్చింది. నిజంగా మన అవ్వే. ఒక్కతే బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ మా ఇల్లు వెతుక్కుని, గేటు దగ్గర సంచి పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పు కూడా విప్పలేదు.

“తొమ్మిదేండ్లు నీతో మాట్లాడల్యా. ఇప్పుడు నా పని పడి వచ్చినా. అందరివీ సూసినారు, నీదొకటే సూడల్యా. పిల్లోనికి నీ మూలుగ సరిపోతాదేమో ఒకసారి సూపించవే. నువ్వు కాదన్నా నేనేమీ అనను.”

ఆమె అట్లా అడగగలదని నేను ఎన్నడూ అనుకోలేదు. సరిపోయింది అవ్వా, తేదీ కూడా ఇచ్చేశారు అని చెప్పాను. చెవికి దగ్గరగా, రెండోసారి చెప్పాల్సివచ్చింది. సంచి కింద పెట్టి మెట్టుమీద కూలబడింది.

“ముందే చెప్పగూడదా. దావంతా నిన్ను ఏమని అడగాలనో తెలీక సస్తా వచ్చినా కదే” అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు నా వంటింట్లో ఉంది. డబ్బాలన్నీ తీసి, నేను ఏమి తింటానో, ఏమి తినడం లేదో చూసి తిడుతోంది.

అక్క


హిందూపురం,
ఫిబ్రవరి

కస్తూరికి,

నువ్వు ఆసుపత్రిలో ఆ అద్దాల గదిలోంచి బయటికి రాకూడదంటున్నారు కాబట్టి దీన్ని మామ చేతికి పంపుతున్నాను. మూలుగ తీసిన చోట నా నడుము ఇంకా నొప్పిగానే ఉంది, వంగితే ముసలిదానిలాగా మూలుగుతున్నాను. అవ్వ ఇంటికి పోనంటోంది. నాకు నెత్తురు పట్టాలని రోజూ రాగిసంగటి, మటన్ పులుసు పెడుతోంది. పొద్దున లేచీ లేవగానే, నీది పిల్లోని ఒంట్లో కుదురుకున్యా అని నన్ను అడుగుతుంది. నాకు ఇక్కడ కూర్చుంటే ఎట్లా తెలుస్తుంది? ఒక్క ముక్క రాయి.

అక్క


బెంగళూరు,
మార్చి

అక్కకు,

ముందు వాడి కణాలన్నీ సున్నాకు దించారు. జుట్టు రాలిపోయింది. నోరంతా పుండ్లు, పాలు తాగలేదు. మూడు రోజులు జ్వరం దిగలేదు, నేను కిరణ్‌నే చూస్తున్నట్టుండింది. మొన్నటినుంచి అంకె పెరుగుతోంది. ఇవి నీవేనని డాక్టరమ్మ చెప్పింది. కానీ ఇప్పుడే ఏమీ అనుకోవద్దంది. అంకె పెద్దగా ఉంటే సంతోషపడే అలవాటు నాకు పోయింది.

మామ బయట బెంచీమీదనే పడుకుంటున్నాడు. అద్దంలోంచి చెయ్యి ఊపుతాడు. అవ్వకు చెప్పు, ఆమె ఎట్లా ఉందని అమ్మ అడిగింది.

కస్తూరి


ధర్మవరం,
మరుసటి ఏడాది మే

అక్కకు,

ఇప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది. అయినా ఈ సంగతి ఫోనులో చెబితే నువ్వు మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చి ఏడాది అయింది కదా. రంగు అంటుకుందని ఎప్పుడో కాగితం ఇచ్చారు. ఎర్ర చుక్కలు పోయాయి. మందులు కూడా ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. నువ్వూ డాక్టరమ్మా ఇక భయం లేదన్నారు. నేను తల ఊపాను గానీ లోపల నమ్మలేదు. లోపమేమీ లేదని సంతకం పెట్టిన కాగితం ఒకసారి చూసినదాన్ని. వాడు నడక నేర్చి మగ్గం గుంతలోకి దిగుతుంటే, ఎక్కడ గీసుకుంటాడోనని రోజంతా వెనక తిరిగేదాన్ని.

మొన్న మోచేతి కింద సెగ్గడ్డ లేచింది. మామిడిపండ్ల వేడి అంది అవ్వ. ఎర్రగా ఉబ్బింది, చెయ్యి ముట్టుకోనివ్వడు. కిరణ్ చెవి వెనకది కూడా అట్లాగే మొదలైంది. మామతో చెప్పలేదు. బెంగళూరుకు బట్టలు సర్దిపెట్టుకున్నాను.

ఈ పొద్దు స్నానం చేయిస్తూ చూశాను. మధ్యలో తెల్లటి మొన పట్టి ఉంది. తడిగుడ్డ తగలగానే పగిలింది. చీము అక్కా. పచ్చగా, చిక్కగా, చెంచాడు చీము. గీతాంజలి ఛీ అని ముక్కు మూసుకుని పారిపోయింది. నేను మామను కేకేశాను. ఏమయిందోనని మగ్గం దిగి పరుగున వచ్చాడు, చూశాడు, వెంటనే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అవ్వ వంగి వంగి చూసి, “మంచి చీమే” అంది. మా కేకలకు పక్కింటి సంగీత వచ్చింది. పిల్లోనికి చీము పట్టిందని అవ్వ అంత సంతోషంగా చెబుతుంటే ఏమనాలో తెలియక ఆమె మా ముఖాలు చూస్తూ నిలబడిపోయింది. డాక్టరమ్మకు ఫోను చేస్తే శుభ్రంగా తుడిచి మందు రాయమంది. ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, చీము గురించి ఇంత సంతోషంగా ఫోను చేసిన తల్లివి నువ్వొక్కదానివేనమ్మా అంది.

అంతా పోయాక దూది తీసుకుని కూర్చున్నాను. తుడిచే కొద్దీ వస్తోంది. రోహిత్ నొప్పికి గుక్కపట్టి ఏడుస్తున్నాడు, నేను నవ్వు ఆపుకోలేక నవ్వుతున్నాను. వాడు ఒక్క క్షణం ఏడుపు ఆపి నా ముఖం చూశాడు. అమ్మకు పిచ్చి పట్టిందనుకున్నాడో ఏమో, మళ్లీ మరింత గట్టిగా ఏడ్చాడు.

కస్తూరి